సువార్తమ్మ టీచరు పెట్టించిన గ్లాసు

ఈ ఉదయం ఉదయగిరి బస్టాండు పక్కన కొత్తగా పెట్టిన టిఫిను సెంటరు ముందు బస్సు కోసం నిలబడ్డాను. లోపల ఎవరో వేగిన అల్లం ముద్దలో చింతపండు పులుసు పోసి, దాని మీద బెల్లం వేశారు. చూడలేదు, వాసనతోనే తెలిసింది. అల్లం ఘాటు ముక్కుకు గుచ్చుకుని, బెల్లం కరగడం మొదలవగానే మెత్తబడుతుంది. ఆ మెత్తబడే చోట నా కుడిచెయ్యి దానంతట అదే ముందుకొచ్చింది. గరిటెలోంచి చుక్క పడబోతున్నట్టు అరచెయ్యి గుంటలా ముడుచుకుంది. పక్కనున్న ఆడమనిషి నేను అడుక్కుంటున్నాననుకుందేమో, కాస్త జరిగి నిలబడింది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను. జేబులో చిన్న సీసా తగిలింది. సువార్తమ్మ టీచరు గుర్తొచ్చింది.

ఆమె మీకు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. ఆత్మకూరు దాటి ఆమెను ఎరిగినవాళ్లు తక్కువ. నా పేరు పెంచలయ్య. మాది సీతారామపురం వైపు మెట్ట పల్లె. ఆత్మకూరు బస్టాండు వీధిలో ఒకే హోటల్లో ముప్పై ఏళ్లు చట్నీల మాస్టరుగా పనిచేశాను. ఇడ్లీ, దోసె చూసుకునేందుకు వేరే మనిషి ఉండేవాడు. చట్నీలు, పొడులు, సాంబారు నావి. యాభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు ఒక్క అక్షరం రాదు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ మాటలు రాయగలుగుతున్నానంటే ఆమె వల్లే. పొగడ్తకు చెప్పడం లేదు. పొగిడితే ఆమెకు పడేది కాదు.

హోటలు చట్నీకి ఒక గుట్టు ఉంది. ఇంటి చట్నీ కంటే అది ఎందుకు బాగుంటుందని జనం అడుగుతుంటారు. ఏమీ లేదు, తీపి. కొబ్బరి చట్నీలో చిటికెడు చక్కెర, టమాటా చట్నీలో ఇంకాస్త, సాంబారులో నిమ్మకాయంత బెల్లం, అల్లం చట్నీలో అయితే అల్లం కంటే బెల్లమే ఎక్కువ. తినేవాడికి కారంగానే ఉంటుంది, ఇంకో గరిటె వేయమంటాడు. బెల్లం వేశారా అని ఎవరైనా అడిగితే లేదని చెప్పడం మా హోటల్లో అలవాటు. అడిగేవాళ్లంతా షుగరు జబ్బువాళ్లే. ఉందంటే లేచి పక్క హోటలుకు పోతారు. అక్కడా ఉంటుంది, అక్కడా లేదంటారు. అలాంటప్పుడు మేమెందుకు ఉందనాలి అనుకునేవాణ్ణి.

సువార్తమ్మ టీచరు మా హోటలు వెనక చర్చి సందులో ఉండేది. బడి నుంచి రిటైరై అప్పటికి ఐదారేళ్లు. పెళ్లి చేసుకోలేదు. పొద్దున ఏడింటికి తెల్లచీర కట్టుకుని వచ్చి, గోడవార బల్ల దగ్గర కూర్చుని, రెండిడ్లీలు చెప్పేది. చట్నీ గిన్నెలు మూడూ పక్కకు జరిపి, సంచిలోంచి మందుల సీసా అంత సీసా తీసి, అందులోని కరివేపాకు పొడి ఇడ్లీ మీద చల్లుకుని తినేది. సప్లయరు మస్తాను అనుమసముద్రంపేట మనిషి. నోరు ఊరుకోదు. టీచరమ్మ మన హోటలుకొచ్చి సొంత వంట తిని పోతుందని నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు. నేను చేసిన గిన్నె ముట్టకుండా పక్కకు నెడితే, ముప్పై ఏళ్ల మాస్టరుకు అది చెంపదెబ్బే.

ఒక వానాకాలం ఉదయం ఆమె వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఆ రోజు అల్లం చట్నీ పొయ్యి మీదే ఉంది. వాసనకు వచ్చిందని తెలుస్తూనే ఉంది. "పెంచలయ్యా, ఇందులో బెల్లం వేస్తావా?" అని అడిగింది. నేను ఆమె ముఖం చూస్తూనే, "లేదు టీచరమ్మా, పలుకు కూడా వెయ్యను" అన్నాను. ఆ రోజు నుంచి రెండు నెలలు ఆమె సీసా బయటికి తియ్యలేదు. రోజూ రెండిడ్లీలు, అల్లం చట్నీ. గెలిచాననుకున్నాను. తర్వాత ఒకరోజు మళ్లీ సీసా బల్ల మీదికొచ్చింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అబద్ధం పట్టుబడిందనుకున్నాను.

ఆ తర్వాత ఏడాది తిరగకుండానే నాకూ షుగరని తేలింది. కుడికాలి చిటికెన వేలి మీద చెప్పు కొరికిన పుండు మూడు నెలలైనా మానలేదు. ఇంకో రెండు నెలల్లో షుగరు దిగకపోతే నెల్లూరు పోయి వేలు తీయించుకోవాలని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ఒక వేలుతో ఆగుతుందని కూడా చెప్పలేనన్నాడు. పొయ్యి దగ్గర రోజుకు పది గంటలు నిలబడేవాడికి కాలు పోతే ఏం మిగులుతుంది? టీ మానేశాను. అన్నం ఒంటిపూట చేశాను. సాయంత్రం కొర్రన్నం, ఆకుకూర. అయినా రక్తం పరీక్షలో షుగరు దిగదు. దొంగతనంగా తింటున్నావా అని డాక్టరు కసిరాడు.

ఆ చీటీ పట్టుకుని ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంటే, మందుల వరసలోంచి సువార్తమ్మ టీచరు వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు అప్పటికే ఇరవై ఏళ్ల షుగరు. విషయం విని, ఏం తింటున్నానని అడిగింది. ఏమీ తినడం లేదన్నాను. హోటల్లో అని అడిగింది. హోటల్లో పని చేస్తాను, తినను అన్నాను. ఆమె నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. నా అరచేతి మధ్య పసుపు మరక ఒకటి ఉండేది, ఏ సబ్బుకూ పోదు.

"ఇదేంది?"

"రుచి చూసేది టీచరమ్మా. గరిటెతో ఒక చుక్క వేసుకుని నాకుతా. ఉప్పు తెలియాల గదా."

"అది కడుపులోకి పోదా?"

"అది తిండా టీచరమ్మా, పని గదా."

ఆమె వాదించలేదు. రేపు ఒక్కరోజు, అరచేతిలో వేసుకున్న ప్రతిసారీ అంతే చుక్క ఒక గ్లాసులోనూ వెయ్యమంది. సాయంత్రం ఆ గ్లాసు తెచ్చి చూపించమంది. అంతే, మందులు తీసుకుని వెళ్లిపోయింది.

మరునాడు పొయ్యి పక్కన నీళ్లు తాగే స్టీలు గ్లాసు పెట్టుకున్నాను. నా పని ఎలా ఉంటుందో అంతకుముందు నేనే చూసుకోలేదు. ఒక్కో చట్నీ కనీసం నాలుగుసార్లు అరచేతిలో పడుతుంది. ఉప్పుకు ఒకసారి, పులుపుకు ఒకసారి, తీపి వేశాక ఒకసారి, తిరగమాత పెట్టాక ఒకసారి. ఏడు రకాలు. పొద్దున ఒక వాయి, మధ్యాహ్నం దాటాక ఇంకో వాయి. ఎవరికన్నా పార్సిలు కడుతున్నావా అని మస్తాను వచ్చిన ప్రతిసారీ అడిగాడు. తొమ్మిది గంటలకు గ్లాసు నిండింది. రెండో గ్లాసు పెట్టాను. మస్తాను నవ్వడం మానేశాడు. సాయంత్రానికి రెండోదీ నిండింది. ఎర్రది, తెల్లది, గోధుమరంగుది కలిసి, పైన నూనె తేలుతూ, మురికికాలువలా ఉంది.

ఆమె వరండాలో రెండు గ్లాసులూ పెట్టాను. "ఇప్పుడు తాగు చూస్తాము" అంది. ముఖం తిప్పుకున్నాను. "రోజూ తాగతానే ఉండావు గదయ్యా, ముప్పై ఏళ్లుగా" అంది. తర్వాత ఒక కాగితం తీసి, వీటిలో వేటికి తీపి వేస్తానో చెప్పమంది. కొబ్బరి చెప్పాను. టమాటా చెప్పాను. సాంబారు చెప్పాను. అక్కడ ఆగాను. ఆమె నా వైపు చూసి, కిందికి చూసి, అడక్కుండానే ఇంకో వరస రాసింది. చదవడం రాకపోయినా అది అల్లం చట్నీ అని నాకు తెలుసు. నా అబద్ధం సంగతి ఆమె ఎత్తలేదు.

ఇక అరచేతిలో వేసుకోకూడదని చెప్పింది. నాకు కోపం వచ్చింది. చట్నీల మాస్టరుకు నాలుకే తక్కెడ, అది లేకుండా కొట్టు నడపమంటే ఎట్టా అన్నాను. కొలతలు రాసి పెట్టుకుంటే నాలుకతో పనేముందంది. "రాసేది రాదు టీచరమ్మా" అన్నాను. ముప్పై ఏళ్లలో ఆ మాట హోటల్లో ఎవరికీ చెప్పలేదు. సరుకుల చీటీ కూడా పట్టుకుని చదివినట్టు నటించేవాణ్ణి. ఆమె ఆశ్చర్యపోలేదు. రేపు మూడు గంటలకు, హోటల్లో పని సద్దుమణిగాక రమ్మంది.

మావైపు పిల్లలకు అక్షరాలు బియ్యంలో దిద్దిస్తారు. ఆమె పళ్లెంలో ఉప్పు పోసింది. "బియ్యంలో దిద్దేది పిల్లకాయలు. నువ్వు ఉప్పుతో బతికినోడివి, ఉప్పులో దిద్దు" అంది. అ, ఆ కాదు, మొదట రాయించింది 'ఉప్పు' అనే మాటే. నా వేళ్ల మీద కొబ్బరి కోరు గీతలుండేవి. ఉప్పు తగిలి మండేది. మండినా చెప్పలేదు, ఆమె చూసినా ఆపలేదు. తర్వాత చింతపండు, మిరప, అల్లం. వంటింటి మాటలయ్యాక అంకెలు. సందులో పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. నెరిసిన తలతో పళ్లెం ముందు కూర్చున్న నన్ను చూసి ఒకాయన, పదో తరగతి ఎప్పుడు పాసవుతావు మాస్టరూ అన్నాడు. నేను లేవబోయాను. "నీ వేలు ఉండాల్నా, వాడి నోరు ముయ్యాల్నా? ఏది ముందు?" అంది టీచరు. కూర్చున్నాను.

నెల తిరిగేసరికి నోటుపుస్తకంలో వంకర అక్షరాలతో ఏడు చట్నీల కొలతలు రాసుకున్నాను. నా తలకాయలో ఉన్న తప్పు అప్పుడు బయటపడింది. ఉప్పు మూడు గరిటెలని రాసుకున్నాను. ఏ గరిటె అని రాసుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఏ గరిటె చేతికొస్తే అది పట్టుకుని, తేడాను నాలుకతో సరిచేసేవాణ్ణి. ఒక గురువారం, అనుమసముద్రంపేట దర్గాకు పోయే జనంతో హోటలు కిటకిటలాడుతున్నప్పుడు, చేతికి పెద్ద గరిటె వచ్చింది. రుచి చూడలేదు గదా, చట్నీ అలాగే బల్లల మీదికి పోయింది. ఒకడు ప్లేటు నేల మీద పెట్టి, సముద్రం నీళ్లతో రుబ్బినారా అని అరిచాడు. పదిమంది లేచిపోయారు.

మా యజమాని సుబ్బారెడ్డి చెడ్డమనిషి కాదు. నా పుండుకు కట్టు కట్టే గుడ్డ కూడా ఆయనే తెప్పించేవాడు. కానీ ఆ రోజు వంటింట్లోకి వచ్చి తలుపు వేశాడు.

"పెంచలయ్యా, గిరాకీ పోతే నీకూ నాకూ ఇద్దరికీ కూడు లేదు. నాలుక మీద వేసుకోని చెయ్యి, లేదంటే వేరే మాస్టర్ని చూసుకోనీ. వారం టైమిస్తా ఉండా."

ఆయన పోయాక గరిటె తీసుకున్నాను. ఎడంచేత్తో గరిటె, కుడి అరచెయ్యి గుంట. చుక్క పడింది. నోటి దాకా తెచ్చాను. కాలి వేలి మీద కట్టు తడిగా తగులుతోంది. చెయ్యి కుళాయి కింద పెట్టి కడుక్కుని, టీచరు దగ్గరికి పోయి, ఇది నావల్ల కాదని, వేలు పోతే పోనీ అని చెప్పాను.

ఆమె తిట్టలేదు. తెల్లవారుతుండగానే చెంచా ఒకటి పట్టుకుని మా వంటింటికి వచ్చింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, "చెయ్యి నీది, నాలుక నాది" అంది. రుచి చూడాల్సినదంతా తీపి వెయ్యకముందే చెంచా కొనతో చూసేది. ఉప్పు చాలకపోతే వేలు పైకెత్తేది, ఎక్కువైతే కిందికి దించేది. తీపి ఆ తర్వాత, తక్కెడలో తూచి వెయ్యాలి. తీపి పడ్డాక రుచి చూసే పని మస్తానుది. అన్నీ వాడినే చూడమనొచ్చు గదా అంటారేమో. వాడిని అడిగితే అన్నీ అద్భుతమే. ఉప్పు సముద్రం రోజున కూడా రెండు దోసెలు తిన్నవాడు. మొదటి రోజే గరిటెలన్నీ వరసగా పెట్టించి, ఒకదాని కాడకు ఎర్ర దారం కట్టింది. ఇక కొలతకు అదొక్కటే. వారం గడిచేసరికి నా పుస్తకమూ ఆమె చెంచా ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాయి. సుబ్బారెడ్డి వచ్చి చట్నీ నాకి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆయన ఏమీ అనలేదంటే బాగుందని లెక్క.

తీపి లేని రెండో గిన్నె కూడా ఆ బకెట్టు మీద కూర్చున్న రోజుల్లోనే పుట్టింది. బెల్లం తీసేస్తే అల్లం చట్నీ గొంతు కోస్తుంది. బెల్లం ఎందుకు కావాల్సి వస్తోందో ముందు చూడమంది ఆమె. పులుపు ఎక్కువైతేనే అది బెల్లాన్ని పిలుస్తుంది. చింతపండు సగానికి తగ్గించాం. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, వేయించిన నువ్వులతో కలిపి నూరాం. నాలుగుసార్లు పాడైంది, ఐదోసారి నిలబడింది. పలకముక్క మీద సుద్దతో 'బెల్లం లేని అల్లం చట్నీ ఉంది' అని రాసి గుమ్మంలో పెట్టాను. జనం చదువుకునేలా నేను రాసిన మొదటి మాటలు అవే. మొదటిరోజు ముగ్గురు అడిగారు. నెల తర్వాత ఆ గిన్నే ముందు ఖాళీ అయ్యేది.

సీసాలు చదవడం కూడా అప్పుడే నేర్పింది. బెంగుళూరులో ఉండే ఆమె మేనకోడలు, పచ్చి కూరగాయ ముక్కల మీద పోసుకుని తినమని ఏదో చిక్కటి రసం సీసా పంపింది. పైన పచ్చటి ఆకుల బొమ్మ. షుగరువాళ్లకు మంచిదేమో అన్నాను. వెనక చిన్న అక్షరాలు చదవాలంటూ సీసా తిప్పింది. ఏ సరుకు ఎక్కువ వేస్తారో దాని పేరు ముందు రాస్తారట. నూనె తర్వాత చక్కెరే ఉంది. ఇంకాస్త కిందికి పోతే తేనె, ఆ కింద ఏదో పాకం. ముఖం నిండా ఆకులు, వీపు నిండా చక్కెర అంది. ఇంగ్లీషులో నేను గుర్తుపట్టే పదాలు ఈరోజుకీ ఐదారే. అన్నీ తీపి పేర్లే. ఆ సీసా మూత తియ్యకుండా పక్కన పెట్టి, దోసకాయ ముక్కల మీద నిమ్మకాయ పిండి, మిరియాల పొడి, వేయించిన చెనక్కాయల పలుకులు చల్లి నాకు పెట్టింది. ఇప్పటికీ అదే తింటున్నాను.

రెండో నెల చివర డాక్టరు చీటీ చూసి, తల ఎత్తి, మళ్లీ చీటీ చూశాడు. నాలుగో నెలలో పుండు మూసుకుంది. వేలు నాకే మిగిలింది. ఇప్పుడు కూడా చెప్పులు విప్పితే దాని మీద నల్లమచ్చ కనిపిస్తుంది.

ఆమెకు మాత్రం చివరి ఏళ్లలో చూపు తగ్గింది. హోటలుకు రాలేకపోయేది. నేనే పొద్దున రెండిడ్లీలు తీసుకుపోయి, ఆమె సీసాలోంచి ఆమె చెప్పినంత పొడి చల్లి ఇచ్చేవాణ్ణి. మందుల చీటీలు చదివేవాణ్ణి. పదానికీ పదానికీ మధ్య నేను ఆగితే ఆమె ఓపికగా ఆగేది. ఒక ఉదయం ఆ ఇడ్లీ ప్లేటు చేతికిస్తూ, ఇన్నేళ్లు దాచుకున్నది చెప్పేశాను.

"ఆ వానాకాలం బెల్లం వెయ్యనని అబద్ధం చెప్పినాను టీచరమ్మా. నా మాట నమ్మి రెండు నెలలు తిన్నారు. మీ కళ్లు ఇట్ట అయింది అందువల్లేనేమోనని..."

"నమ్మి తిన్నానని నీకెవురు చెప్పినారు?"

ప్లేటు వదిలి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"కళ్లు ఇప్పుడు పోయినాయి గానీ, నాలుక అప్పుడూ ఉండాది, ఇప్పుడూ ఉండాది. మొదటి ముద్దలోనే తెలిసింది పెంచలయ్యా. తినాలని ఉండింది, తిన్నాను. అడిగినాను, లేదన్నాడు, నా తప్పేముండాదని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు అబద్ధం ఒక్కసారి చెప్పినావు. నేను రోజూ పొద్దున్నే చెప్పుకున్నాను."

ఇడ్లీ ముక్క తుంచుకుంది. తడుముకుంటూ పొడిలో అద్దుకుంది.

"ఆస్పత్రిలో నీ చేతి మరక చూసినప్పుడు అందుకే తెలిసింది. రుచి చూసేది తిండి కాదని నువ్వు, లేదన్నాడు గదా అని నేను. ఇద్దరిదీ ఒకటే బడి."

తర్వాత చాలాసేపు తిన్నది. నీళ్లు తాగి, ఇక మీదట ఎవరైనా అడిగితే ఉందని చెప్పమంది. తినేవాడు ఎలాగూ తింటాడు, తెలిసి తిననీ అంది. ఆ పై వానాకాలం ఆమె పోయింది. మేనకోడలు వచ్చి ఇల్లు ఖాళీ చేస్తూ, ఏమైనా కావాలా అని అడిగితే పొడి సీసా అడిగాను. ఆ అమ్మాయి సీసా లోపల ఏముందోనని మూత తీసి చూసింది. అడుగున కాస్త పొడి ఉంది.

ఇప్పుడు నేను ఉదయగిరిలో ఉంటున్నాను. వయసు మీద పడింది, పొయ్యి దగ్గర నిలబడటం లేదు. సీసాలో పొడి మాత్రం నెలకోసారి నేనే దంచుకుని నింపుతాను.

ఈ ఉదయం టిఫిను సెంటరు గుమ్మం పక్క బల్ల దగ్గర నా వయసువాడే ఒకడు కూర్చుని ఉన్నాడు. కలువాయి నుంచి వచ్చానని తర్వాత చెప్పాడు. ఎడమ పాదానికి గుడ్డ చుట్టి ఉంది. చట్నీ గిన్నె ముందు పెట్టుకుని, వంటింటి వైపు తల తిప్పి, బెల్లం వేశారా అని అడిగాడు. లేదు పెద్దాయనా, ఒట్టి అల్లమే అని లోపలినుంచి మాస్టరు. ఆ పెద్దమనిషి ముఖంలో ఒక నెమ్మది వచ్చింది. ఆ నెమ్మది నాకు తెలుసు. మొదటి ముద్దలోనే తెలిసిపోయేది కూడా తెలుసు.

నా బస్సు వచ్చి ఆగింది. నేను ఆయన ఎదురుగా పోయి కూర్చున్నాను.

"ఉండాది" అన్నాను.

"నీకెట్ట తెలుసు?" అన్నాడు కోపంగా.

"ముప్పై ఏళ్లు నేనే వేసినాను. లేదని చెప్పింది కూడా నేనే."

జేబులోంచి సీసా తీసి, కరివేపాకు పొడి, తీపి లేదని చెప్పి గిన్నె పక్కన పెట్టాను. ఆయన సీసా వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు. గిన్నెను పక్కకు నెట్టలేదు. సీసా మూత మాత్రం తీశాడు. చెయ్యి నిదానంగా కదిలింది. తెలిసి తినేవాడి చెయ్యి అలాగే కదులుతుంది. బస్సు వెళ్లిపోయింది. ఆయన తినేదాకా కూర్చున్నాను. సీసా తిరిగి తీసుకోవాలి గదా, అది నాది కాదు.